ఇంప్లాంట్ పన్నుకు పుచ్చు రాదు.. కానీ చుట్టూ ఎముక కరిగిపోవచ్చు! వాటర్ ఫ్లాసర్ ఎంతవరకు కాపాడుతుంది?

పన్ను పోయిన చోట దవడలో స్క్రూ బిగిస్తారు. పైన క్యాప్ పెడతారు. చూడ్డానికి అచ్చం సొంత పన్నే. హన్మకొండ, వరంగల్, కాజీపేట.. ఎటు వెళ్లినా డెంటల్ క్లినిక్ బోర్డుల మీద ‘ఇంప్లాంట్’ అనే మాట ఇప్పుడు మామూలైపోయింది. ఒక్క పన్నుకే వేలల్లో ఖర్చు. నోరంతా కట్టించుకుంటే లక్షలు. అంత పెట్టాక ‘ఇక ఈ పన్నుకు ఢోకా లేదు’ అనుకుంటారు చాలామంది. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

ఇంప్లాంట్ లోహం కాబట్టి దానికి పుచ్చు రాదు. కానీ దాన్ని పట్టుకుని ఉన్న చిగురు, ఎముక మాత్రం మనవే. అక్కడ పాచి పేరుకుంటే నొప్పి కూడా లేకుండా ఎముక కరిగిపోవచ్చు. ఈ పాచిని వదిలించడానికి ఈమధ్య డాక్టర్లు చెబుతున్న వాటిలో వాటర్ ఫ్లాసర్ ఒకటి. సన్నటి నీటి ధారతో పళ్ల సందులు కడిగే చిన్న మెషీన్ ఇది. ఇది నిజంగా పనిచేస్తుందా? ఎలా వాడాలి? వరంగల్ నీళ్లకు, కరెంటుకు తగ్గట్టు ఏం చూసుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

ముఖ్యాంశాలు

• ఇంప్లాంట్ చుట్టూ రక్తం కనిపిస్తే అది మొదటి హెచ్చరిక. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు.
• వాటర్ ఫ్లాసర్ బ్రష్‌కు తోడు మాత్రమే. బ్రష్‌కు బదులు కాదు.
• తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టాలి. ఆపరేషన్ అయిన కొత్తలో డాక్టర్ చెప్పకుండా వాడొద్దు.
• అమెరికా నుంచి తెచ్చిన మెషీన్ అయితే ప్లగ్ పెట్టేముందు ఓల్టేజీ చూడాల్సిందే.

అసలు ఇంప్లాంట్ అంటే ఏంటి?

ఇంప్లాంట్‌లో మూడు భాగాలుంటాయి. దవడ ఎముకలో బిగించేది టైటానియం స్క్రూ. దాని పైన ఒక చిన్న కడ్డీ. ఆ కడ్డీ మీద క్యాప్. మనకు అద్దంలో కనిపించేది క్యాప్ మాత్రమే.

ఈ పద్ధతికి మూలం స్వీడన్. అక్కడి శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ల ఎముకలపై ప్రయోగాలు చేస్తున్నప్పుడు ఓ విచిత్రం గమనించారు. ఎముకలో అమర్చిన టైటానియం పరికరం తర్వాత ఊడి రాలేదు. ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంది. ఆ పరిశీలన ఆధారంగానే 1965లో ఆయన తొలిసారి ఓ మనిషి దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. ఆ పేషెంట్ నోట్లో అవి 40 ఏళ్లకు పైగా పనిచేశాయి. అంటే సరిగ్గా చూసుకుంటే ఇంప్లాంట్ దశాబ్దాలు ఉంటుంది. ఆ చూసుకోవడంలోనే ఉంది అసలు కిటుకు.

సొంత పన్నుకు, ఇంప్లాంట్‌కు తేడా ఎక్కడ?

సొంత పన్ను నేరుగా ఎముకకు అతుక్కుని ఉండదు. పంటి వేరుకు, ఎముకకు మధ్య సన్నటి నారల పొర ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే ‘కటక్’మన్న సంగతి మనకు వెంటనే తెలిసేది ఈ పొర వల్లే. చిగురు నారలు కూడా పంటి వేరులోకి చొచ్చుకుపోయి గట్టి కట్టు వేసినట్టు ఉంటాయి. పాచిలోని బ్యాక్టీరియా అంత తేలిగ్గా కిందికి దిగలేదు.

ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు. ఎముక నేరుగా టైటానియంను పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న చిగురు నారలు ఇంప్లాంట్‌లోకి చొచ్చుకుపోవు, పక్కనే ఆనుకుని ఉంటాయి. అందుకే ఒకసారి ఇన్ఫెక్షన్ మొదలైతే కిందికి త్వరగా దిగుతుంది. పైగా నొప్పి తెలియకపోవడంతో చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు.

రక్తం వస్తే లైట్ తీసుకోవద్దు

ఇంప్లాంట్ చుట్టూ వచ్చే జబ్బుకు రెండు దశలున్నాయి.

మొదటిది పెరి ఇంప్లాంట్ మ్యూకోసైటిస్. అంటే చిగురుకు మాత్రమే వాపు. బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, చిగురు ఎర్రగా ఉంటుంది. ఎముకకు ఇంకా ఏమీ కాదు. ఈ దశలో పాచిని పూర్తిగా వదిలిస్తే చిగురు మళ్లీ మామూలు స్థితికి వస్తుంది.

రెండోది పెరి ఇంప్లాంటైటిస్. ఇక్కడ ఎముక కరగడం మొదలవుతుంది. చీము రావచ్చు. చిగురు కిందికి జారి స్క్రూ మరలు బయటికి కనిపించవచ్చు. ఇది తనంతట తాను తగ్గదు. లోతుగా క్లీనింగ్, కొందరికి ఆపరేషన్ కూడా కావాలి. పోయిన ఎముక మొత్తం తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఓ సమీక్ష 2015లో వచ్చింది. ఇంప్లాంట్లు ఉన్నవాళ్లలో సగటున 43 శాతం మందికి మొదటి దశ, 22 శాతం మందికి రెండో దశ కనిపించినట్టు అందులో తేలింది. అధ్యయనానికి, అధ్యయనానికి తేడాలు చాలా ఉన్నా, ‘మనకెందుకు వస్తుందిలే’ అనుకునే పరిస్థితి మాత్రం లేదు.

ఎవరికి రిస్క్ ఎక్కువ? 2017లో ప్రపంచ నిపుణులు కలిసి చేసిన వర్గీకరణలో మూడు కారణాలకు బలమైన ఆధారాలున్నాయని చెప్పారు. ఒకటి, గతంలో చిగుళ్ల జబ్బు ఉండటం. రెండు, పాచి సరిగ్గా తీయకపోవడం. మూడు, చెకప్‌లకు రాకపోవడం. సిగరెట్, షుగర్ విషయంలో ఆధారాలు ఇంకా పూర్తిగా తేలలేదన్నారు. అయినా గాయం మానడానికి, చిగుళ్లకు రెండూ శత్రువులే కాబట్టి వాటిని అదుపులో పెట్టుకోమనే డాక్టర్లు చెబుతారు.

వాటర్ ఫ్లాసర్ ఏం చేస్తుంది?

ఈ మెషీన్ కొత్తదేమీ కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఓ డెంటిస్ట్, ఓ హైడ్రాలిక్ ఇంజినీర్ కలిసి 1962లో దీన్ని తయారుచేశారు. చిన్న ట్యాంకులో నీళ్లు పోస్తే, మోటార్ వాటిని సన్నటి గొట్టం గుండా ఆగి ఆగి వేగంగా చిమ్ముతుంది. ఆ ధార పళ్ల సందుల్లో, చిగురు అంచు కింద ఇరుక్కున్న తిండి ముక్కలను, మెత్తటి పాచిని బయటికి తోస్తుంది.

సంక్రాంతికి సకినాలు తిన్నాక నువ్వులు ఎక్కడెక్కడ ఇరుక్కుంటాయో వరంగల్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మటన్ పోగులు, మామిడి పీచు కూడా అంతే. ఇంప్లాంట్ మెడ సన్నగా, పైన క్యాప్ వెడల్పుగా ఉంటుంది. దాంతో క్యాప్ కింద అంచున ఇవి ఇంకా ఎక్కువ ఇరుక్కుంటాయి. ఇలాంటి చోట నీటి ధార బాగా పనికొస్తుంది.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి? 2013లో ఇంప్లాంట్ల మీదే జరిగిన 30 రోజుల అధ్యయనంలో నీటి ధార వాడినవాళ్లలో 81.8 శాతం ఇంప్లాంట్ల దగ్గర రక్తస్రావం తగ్గింది. దారంతో శుభ్రం చేసుకున్నవాళ్లలో ఇది 33.3 శాతమే. వినడానికి బాగుంది. కానీ అది చిన్న అధ్యయనం. పైగా ఇలాంటి మెషీన్లు తయారుచేసే కంపెనీకి చెందిన వ్యక్తి కూడా ఆ పరిశోధక బృందంలో ఉన్నారు.

2019లో కోక్రేన్ సంస్థ పళ్ల సందులు శుభ్రం చేసే పరికరాలపై 35 అధ్యయనాలను కలిపి చూసింది. ఇవి ఇంప్లాంట్ల మీద కాదు, మామూలు పళ్ల మీద. నీటి ధార వల్ల నెల రోజుల దగ్గర చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చని, 3, 6 నెలల దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని తేల్చింది. ఆధారాలు కూడా అంత బలంగా లేవని చెప్పింది.

సింపుల్‌గా చెప్పాలంటే.. జిడ్డు పట్టిన కడాయి మీద నల్లా తిప్పితే మెతుకులు కొట్టుకుపోతాయి, జిడ్డు మాత్రం పోదు. దానికి పీచుతో రుద్దాల్సిందే. పాచి కూడా అంతే. నీళ్లు సందులు కడుగుతాయి. అంటుకున్న పొరను రాపిడే తీస్తుంది. అందుకే మెత్తటి బ్రష్, సందుల్లో దూరే చిన్న బ్రష్, వాటికి తోడుగా నీటి ధార. ఇదీ వరస. ఇక గట్టిపడి గార కట్టినదాన్ని ఇంట్లో ఏ మెషీనూ తీయలేదు. అది క్లినిక్‌లోనే పోవాలి.

ఎవరికి ఎక్కువ ఉపయోగం?

• పై దవడో, కింది దవడో మొత్తం ఇంప్లాంట్ల మీద బిగించుకున్నవాళ్లకు. ఈ సెట్టు ఇంట్లో తీయడానికి రాదు. దాని కింద చిగురుకు బ్రష్ అందదు.
• చేతులు వణికేవాళ్లకు, కీళ్లనొప్పులతో దారం పట్టుకోలేని పెద్దవాళ్లకు.
• చివరి దవడ పళ్ల దగ్గర ఇంప్లాంట్ ఉండి, అక్కడిదాకా బ్రష్ సరిగ్గా పోనివాళ్లకు.
• దారం వాడటం అలవాటే లేనివాళ్లకు. ఏమీ చేయకపోవడం కన్నా ఇది మేలు.

దారం విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇంప్లాంట్ గరుకు భాగం బయటపడి ఉంటే దారం పోగులు తెగి అక్కడే చిక్కుకోవచ్చు. నెదర్లాండ్స్ డాక్టర్లు 10 మంది పేషెంట్లలో ఇలాంటి పోగులు గుర్తించి 2016లో ఆ వివరాలు ప్రచురించారు. అందుకే దారం వాడాలా వద్దా, వాడితే ఏ రకం అన్నది మీ డాక్టర్‌నే అడగడం మంచిది.

ఎలా వాడాలి? స్టెప్ బై స్టెప్

1. ట్యాంకులో గోరువెచ్చటి తాగే నీళ్లు పోయాలి. మరీ వేడివి, మరీ చల్లవి వద్దు.

2. ప్రెషర్ అన్నిటికన్నా తక్కువలో పెట్టాలి. కొన్ని రోజులు అలవాటయ్యాక కొద్దిగా పెంచుకోవచ్చు. ‘గట్టిగా కొడితేనే శుభ్రం’ అనుకోవడం పొరపాటు. నొప్పి అనిపిస్తే ప్రెషర్ ఎక్కువైనట్టే.

3. వాష్ బేసిన్ మీదికి వంగాలి. ముందు టిప్ నోట్లో పెట్టుకోవాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. లేదంటే అద్దం మీద, ఒంటి మీద నీళ్లే నీళ్లు.

4. పెదాలు కొద్దిగా మూసి, నీళ్లు నోట్లోంచి బేసిన్‌లోకి కారనివ్వాలి. మింగొద్దు.

5. ధారను చిగురు అంచు దగ్గర అడ్డంగా, అంటే పంటికి 90 డిగ్రీల్లో పట్టాలి. పైనుంచి నేరుగా చిగురు లోపలికి గురిపెట్టి కొట్టొద్దు.

6. ఇంప్లాంట్ దగ్గర తొందరపడకుండా కాసేపు ఆగి, బయటి వైపు, లోపలి వైపు రెండు పక్కలా కడగాలి. నాలుక వైపు చాలామంది మర్చిపోతారు. పాచి అక్కడా పేరుకుంటుంది.

7. మిగతా పళ్లకు కూడా ఇదే పద్ధతి. నోరంతా కలిపి ఒకటి, రెండు నిమిషాలు చాలు.

8. అయిపోయాక మిగిలిన నీళ్లు పారబోసి, ట్యాంకు ఆరబెట్టాలి.

రాత్రి పడుకునేముందు ఒక్కసారి చేసినా చాలు. బ్రష్‌కు ముందా, తర్వాతా అన్న దానికన్నా రోజూ మానకుండా చేయడం ముఖ్యం. ఇంప్లాంట్ల కోసం కొన్ని మెషీన్లకు చివర మెత్తటి కుచ్చు ఉండే టిప్ వస్తుంది. ఏ టిప్ అయినా కంపెనీ చెప్పిన గడువుకు, సాధారణంగా 3 నుంచి 6 నెలలకు మార్చాలి. ఇంట్లో మెషీన్ ఒకటే ఉన్నా టిప్ మాత్రం ఎవరిది వాళ్లదే.

కొనేముందు ఇవి చూసుకోండి

ఓల్టేజీ: వరంగల్‌లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. సెలవులకు వచ్చేటప్పుడు అమ్మానాన్నల కోసం ఇలాంటి మెషీన్లు తెస్తుంటారు. అక్కడ కరెంటు 120 ఓల్టులు. మన దగ్గర 230 ఓల్టులు. ప్లగ్‌తో నడిచే అక్కడి మెషీన్‌ను పిన్ మార్చి నేరుగా మన బోర్డులో పెడితే మోటార్ కాలిపోయే ప్రమాదం ఉంది. మెషీన్ కింద గానీ, అడాప్టర్ మీద గానీ ‘100 నుంచి 240’ అని రాసి ఉంటేనే నేరుగా వాడొచ్చు. యూఎస్‌బీ చార్జింగ్ మెషీన్లతో ఈ ఇబ్బంది ఉండదు.

నీళ్లు: బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ల మీద, గీజర్ లోపల తెల్లటి పొర పేరుకోవడం చూస్తూనే ఉంటాం. అదే పొర ఈ మెషీన్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కొన్నాళ్లకు ధార బలహీనపడుతుంది. అందుకే ఫిల్టర్ నీళ్లు గానీ, కాచి చల్లార్చినవి గానీ వాడాలి. పొర పట్టితే కొద్దిగా తెల్ల వెనిగర్ కలిపిన గోరువెచ్చటి నీళ్లు నడిపించి, తర్వాత మంచి నీళ్లతో కడగాలి. దీనికి మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఏం రాశారో ముందు చదువుకోండి.

ఏ రకం: టేబుల్ మీద పెట్టేదానికి ట్యాంకు పెద్దది, నోరంతా ఒకేసారి అయిపోతుంది. చేత్తో పట్టుకునేదానికి ట్యాంకు చిన్నది, మధ్యలో మళ్లీ నింపాల్సి రావచ్చు. కానీ ప్రయాణాలకు ఇదే సులువు, కరెంటు పోయినా పనిచేస్తుంది. ఏది తీసుకున్నా ప్రెషర్ తగ్గించుకునే సదుపాయం తప్పనిసరి.

ఈ తప్పులు మాత్రం చేయొద్దు

• పిన్నీసు, సూది, అగ్గిపుల్లతో ఇంప్లాంట్ దగ్గర గుచ్చడం. లోహపు పిన్నుతో టైటానియం మీద గీతలు పడతాయి. ఆ గీతల్లో పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సందుల బ్రష్ కొన్నా మధ్య తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నదే తీసుకోవాలి.

• ఆపరేషన్ అయిన కొత్తలో నీటి ధార కొట్టడం. గాయం మానకముందే ధార తగిలితే కుట్లు, లోపల గడ్డకట్టిన రక్తం కదిలిపోవచ్చు. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పాల్సింది సర్జరీ చేసిన డాక్టరే.

• ట్యాంకులో నూనె, పసుపు, టూత్‌పేస్ట్ కలపడం. మెషీన్ పాడవుతుంది. మౌత్‌వాష్ కలపాలన్నా డాక్టర్ చెప్పిన మందు, చెప్పిన మోతాదులోనే. తర్వాత మంచి నీళ్లతో ఒకసారి నడపాలి.

• బొగ్గు పొడి, ఉప్పు, ఇటుక పొడితో క్యాప్‌ను రుద్దడం. మెరుపు పోయి గరుకు తేలుతుంది.

• రక్తం వస్తోందని బ్రష్ చేయడం మానేయడం. అక్కడ పాచి ఉంది కాబట్టే రక్తం వస్తోంది. మానేస్తే ఇంకా పెరుగుతుంది.

గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్లు, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

రెండు వారాలు శ్రద్ధగా శుభ్రం చేసినా రక్తం ఆగకపోతే వెళ్లాల్సిందే. చీము, నోట్లో చెడు రుచి, చిగురు కిందికి జారడం, క్యాప్ కదలడం లాంటివి కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. క్యాప్ కదిలిందంటే అంతా అయిపోయిందని భయపడక్కర్లేదు. ఒక్కోసారి పైన ఉన్న చిన్న స్క్రూ వదులై ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది. అదేదో తేల్చాల్సింది డాక్టరే. క్యాప్ అంటించిన సిమెంట్ చిగురు కింద మిగిలిపోయినా వాపు రావచ్చు. దాన్ని ఏ వాటర్ ఫ్లాసరూ తీయలేదు.

ఏ ఇబ్బందీ లేకున్నా సాధారణంగా 3 నుంచి 6 నెలలకోసారి చెకప్ అవసరం. క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే దాచుకోవాలి. తర్వాత ఎముక ఎంత తగ్గిందో చెప్పేది దానితో పోల్చి చూసినప్పుడే. ఇంప్లాంట్ కంపెనీ, సైజు రాసి ఉన్న కార్డు కూడా అడిగి తీసుకోండి. రేపు ఇంకో ఊళ్లో చూపించుకోవాల్సి వస్తే, ఏ స్క్రూకు ఏ పనిముట్టు పడుతుందో ఆ కార్డే చెబుతుంది.

చిగుళ్ల సమస్యలకు ప్రత్యేకంగా చదివిన డాక్టర్లను పీరియడాంటిస్టులు అంటారు. బీడీఎస్ తర్వాత ఈ విభాగంలో ఎండీఎస్ చేసి ఉంటారు. పెరి ఇంప్లాంటైటిస్ అనుమానం ఉంటే వీళ్లకు చూపించుకోవడం మేలు. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి ఉంది.

ఇవీ చాలామంది అడిగే ప్రశ్నలు

నీటి ధారకు ఇంప్లాంట్ వదులవుతుందా?
ఎముక పూర్తిగా పట్టేసిన ఇంప్లాంట్‌ను సరైన ప్రెషర్‌లో వాడే నీటి ధార కదిలించలేదు. జాగ్రత్త అవసరమైంది ఆపరేషన్ అయిన కొత్తలోనే.

మొదట్లో రక్తం వస్తోంది, ఆపేయాలా?
చిగురు వాచి ఉంటే మొదటి కొన్ని రోజులు కొద్దిగా రావచ్చు. ప్రెషర్ తగ్గించి కొనసాగించండి. రెండు వారాలకూ తగ్గకపోతే చూపించుకోండి.

మెషీన్ కొనే స్తోమత లేకపోతే?
మెత్తటి బ్రష్, సరైన సైజు సందుల బ్రష్, టైమ్‌కు చెకప్. ఈ మూడూ ఉంటే పని నడుస్తుంది. మెషీన్ ఉండి ఈ మూడూ లేకపోతే మాత్రం ఇంప్లాంట్‌కు ముప్పే.

ఈ రాత్రి బ్రష్ చేశాక ఒక్క పని చేయండి. ఇంట్లో ఇంప్లాంట్ ఎవరికి ఉన్నా సరే, ఉమ్మిన నురగలో ఎరుపు ఉందేమో చూడమనండి. ఎరుపు కనిపించిందంటే చిగురు ఇంకా చేతిలో ఉన్న దశలోనే ఉండొచ్చు. అప్పుడే కదిలితే క్లీనింగ్‌తో పోతుంది. నొప్పి వచ్చేదాకా చూస్తే ఎముక పోతుంది.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. వైద్య సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు. మీ ఇంప్లాంట్ పరిస్థితిని బట్టి ఏ పరికరం వాడాలో మీ డెంటిస్ట్‌ను అడిగి నిర్ణయించుకోండి.